ఊపిరి బిగబడితే ఎందుకు ఉండలేం?

నిద్రలో మన ప్రమేయం లేకుండా ఊపిరి ఎలా ఆడుతుంది, మెలకువగా ఉండి బిగబడితే మాత్రం కాసేపటికే ఎందుకు తట్టుకోలేం అని అడిగారు. నేను ఈత నేర్పుతాను. రెండో ప్రశ్న నాకు రోజూ ఎదురయ్యేదే కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

ఆక్సిజన్ తగ్గిపోయి ఉక్కిరిబిక్కిరి అవుతామని చాలామంది అనుకుంటారు. నిజానికి మనల్ని ముందుగా తొందరపెట్టేది కార్బన్ డయాక్సైడ్. రక్తంలో అది పెరిగేకొద్దీ మెదడు చుట్టూ ఉండే ద్రవంలో ఆమ్లత్వం పెరుగుతుంది. మెదడు అడుగుభాగంలోని మెడుల్లా దాన్ని వెంటనే పసిగట్టి, గాలి పీల్చమని ఊపిరితిత్తుల కింద ఉండే కండరం డయాఫ్రమ్‌కు కబురు పెడుతుంది. నీళ్లలో ఊపిరి బిగబట్టిన మనిషి పొట్ట పైభాగం చూడండి. మొదట కదలదు. కాసేపటికి పక్కటెముకల కింద కుదుపులు మొదలవుతాయి. నోరూ ముక్కూ మూసే ఉన్నా, డయాఫ్రమ్ ఆగదు.

ఆక్సిజన్‌ను కనిపెట్టే కెరోటిడ్ బాడీలు మెడకు రెండు వైపులా ఉంటాయి. వీటి పాత్రను తేల్చినందుకే కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ధమనుల్లో ఆక్సిజన్ పీడనం సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసానికి పడిపోయేదాకా (మామూలుగా 80 నుంచి 100) అవి గట్టిగా స్పందించవు.

అందుకే నీళ్లలో మునిగే ముందు గబగబా లోతుగా ఊపిరి పీల్చి వదలడం ప్రాణాంతకం. దానివల్ల రక్తంలో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది అప్పటికే దాదాపు నిండుగా ఉంటుంది. తగ్గేది కార్బన్ డయాక్సైడే. హెచ్చరిక ఆలస్యమవుతుంది, ఊపిరి ఆడనట్టు అనిపించేలోపే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లే ఇలా పోతుంటారు, అదే నాకు బాధ. నా దగ్గర ఎవరు అలా చేయబోయినా నీళ్లలోకి దిగనివ్వను.

ఇక నిద్ర విషయం. మెడుల్లాలోని ఒక చిన్న కణాల గుంపు ఊపిరికి లయ కడుతుంది, 1991లో దాన్ని గుర్తించారు. దానికి మన ధ్యాస అక్కర్లేదు. పుట్టుకతోనే ఈ ఏర్పాటు సరిగా పనిచేయని అరుదైన జబ్బు ఒకటుంది, వాళ్లకు నిద్రలో వెంటిలేటర్ కావాలి. మిగతావాళ్లు ఊపిరి మరిచిపోతామేమోనని టెన్షన్ పడక్కర్లేదు. అయితే గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తుంటే మాత్రం స్లీప్ ఆప్నియా కావచ్చు. ఎక్కువమందిలో అప్పుడు మెదడు ఆదేశం అందుతూనే ఉంటుంది, గొంతు దారి మూసుకుపోతుంది. డాక్టర్‌కు చూపించుకోండి.