సూది పడినా గేదె ఎదకు రాలేదెందుకు? – పశుపోషణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మా ముర్రా గేదె ఈని ఆరు నెలలు దాటింది. ఇంతవరకూ ఎదకు రాలేదు. ఊళ్లో సూదులేసే ఆయన 2 మి.లీ. ఎద సూది వేశాడు. వారం రోజులు కనిపెట్టుకుని ఉన్నాం, ఏ మార్పూ లేదు. ఇంకోటి వేయించమంటారా?
– ఒక పాడి రైతు, ఆనందపురం

జవాబు: వద్దండీ. ముందు అండాశయాలు పరీక్ష చేయించండి.

మోతాదును బట్టి చూస్తే మీ గేదెకు పడింది క్లోప్రోస్టినాల్ అయి ఉండాలి. మి.లీ.కు 250 మైక్రోగ్రాముల చొప్పున 2 మి.లీ.లో 500 మైక్రోగ్రాములు ఉంటుంది. ఖాళీ సీసా దొరికితే పేరు చూసుకోండి. ఇది ప్రోస్టాగ్లాండిన్ రకం మందు. ఎదను నేరుగా పుట్టించే గుణం దీనికి లేదు.

అండం విడుదలైన చోట అండాశయం మీద కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ ఏర్పడి ప్రొజెస్టెరాన్ ఊరుస్తుంది. ఆ హార్మోను రక్తంలో ఎక్కువగా ఉన్నన్నాళ్లూ మెదడులోని హైపోథాలమస్, దాని కిందున్న పీయూష గ్రంథి పూర్తిగా పనిలోకి దిగవు. చూలు నిలవకపోతే 16, 17 రోజులకు గర్భసంచే ప్రోస్టాగ్లాండిన్ వదిలి ఆ గడ్డను కరిగిస్తుంది, 21 రోజులకు మళ్లీ ఎద వస్తుంది. సూది చేసేదీ అంతే, గడ్డను ముందుగా కరిగించడం. కాయే లేని కొమ్మను కర్రతో కొడితే ఏం రాలుతుంది? గడ్డ లేని అండాశయానికి ఈ మందు ఎన్నిసార్లు వేసినా దండగే. గడ్డ ఉన్నా, పుట్టి అయిదు రోజులైనా కాకపోతే అది మందుకు లొంగదు.

ఇంకో సంగతి కూడా ఉంది. సూది పనిచేసి ఉండొచ్చు, ఎదే మీ కంట పడకపోయి ఉండొచ్చు. ఆవులా గేదె ఇతర పశువుల మీదికి ఎక్కడం తక్కువ. చాలా గేదెలది మూగ ఎద, అదీ రాత్రిపూటే ఎక్కువ. సూది వేసిన రెండో రోజు నుంచి అయిదో రోజు వరకు, తెల్లవారుజామున అయిదింటికి, రాత్రి తొమ్మిది దాటాక ఇరవై నిమిషాలేసి దగ్గరుండి చూడాలి. మానం నుంచి జిగురు తీగలా వేలాడుతుందని ఎదురుచూడొద్దు. పడుకుని లేచినచోట నేల మీద గాజులా మెరిసే జిగురు ఉందేమో, తోకకు అంటి ఎండిందేమో చూడండి. మానం ఉబ్బడం, మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, చనులు బిగిసి ఉండడం, ఆ పూట పాలు తగ్గడం – వీటిలో రెండు కలిసి కనిపిస్తే ఎద అనుకోవచ్చు. ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించండి.

పరీక్ష ఒక్కసారి చాలదు. పది, పన్నెండు రోజుల తేడాతో రెండుసార్లు చేయించాలి. రెండుసార్లూ అండాశయాలు చిన్నగా, నున్నగా తగిలితే గేదె అసలు ఎద చక్రంలోనే లేదని అర్థం. అప్పుడు లోపం చాలావరకు మేతలో ఉంటుంది. పాలలో పోయే శక్తికి తగ్గ దాణా అందనప్పుడు హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను సరిగ్గా విడుదల కాదు. దాంతో పీయూష గ్రంథి నుంచి రావలసిన ఎల్‌హెచ్ అనే మరో హార్మోను రాదు, పుటిక (అండం ఉండే బుడగ) పెరిగినా పగలదు. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తుంటే దాణా పెంచండి, నట్టల మందు పట్టించండి, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. ఆ తర్వాతే ప్రొజెస్టెరాన్ ఉన్న సాధనాన్ని యోనిలో 7 నుంచి 9 రోజులు ఉంచి తీసే పద్ధతి గురించి ఆలోచించాలి. ఒళ్లు చేయని గేదెకు అది పెట్టించినా డబ్బు పోవడమే తప్ప ఫలితం అంతంతమాత్రం.

గేదె చక్రంలో ఉండి ఎద మాత్రమే పట్టుబడకపోతే ఓవ్‌సింక్ (సూదులతో అండం విడుదలయ్యే వేళను ముందే కుదిర్చే పద్ధతి) మేలు, ఎద కోసం కాపు కాయక్కర్లేదు. సోమవారం ఉదయం 8 గంటలకు బుసెరెలిన్ (జీఎన్‌ఆర్‌హెచ్ లాంటి మందు) 10 మైక్రోగ్రాములు, అంటే మి.లీ.కు 4 మైక్రోగ్రాములుండే మందు 2.5 మి.లీ. మరుసటి సోమవారం అదే వేళకు ప్రోస్టాగ్లాండిన్. బుధవారం సాయంత్రం 4 గంటలకు మళ్లీ బుసెరెలిన్, గురువారం ఉదయం 8 గంటలకు గర్భధారణ. ఇక్కడ గడియారమే ముఖ్యం. బుధవారం సూది గురువారానికి జరిగితే మిగతా ఖర్చంతా వృథా.

విశాఖ ఎండలో, ఉక్కలో మే, జూన్ నెలల్లో ఎద మరీ మరుగున పడుతుంది. పగలు తగ్గి రాత్రి పెరిగేకొద్దీ పీనియల్ గ్రంథి మెలటోనిన్ ఎక్కువసేపు వదులుతుంది. సెప్టెంబరు తర్వాత గేదెలు బాగా ఎదకు రావడానికి అదొక కారణం. అప్పటిదాకా నీడ, రోజుకు రెండుసార్లు ఒంటిమీద నీళ్లు తప్పనిసరి.

రెండు జాగ్రత్తలు మరవకండి. మేతకు వెళ్లినచోట దున్న దాటి గేదె చూడితో ఉంటే ప్రోస్టాగ్లాండిన్ సూదికి ఈసుకుపోతుంది, కాబట్టి చూడి పరీక్ష లేకుండా వేయించకూడదు. ఈ మందు చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు సీసాను ముట్టుకోవద్దు.

ప్రశ్న: దూడ చచ్చిపోయాక గేదె చేపడం (పాలు దించడం) లేదు. రోజూ ఆక్సిటోసిన్ వేసి పిండుతున్నాం. మానేస్తే పాలు వదలడం లేదు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, పెందుర్తి

జవాబు: ఆక్సిటోసిన్ హైపోథాలమస్‌లో తయారై పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉంటుందమ్మా. చనుల మీద స్పర్శ తగలగానే రక్తంలోకి వచ్చి, పాల తిత్తుల చుట్టూ ఉన్న కండరాలను బిగిస్తుంది. గేదె పొదుగులో పాలు దాదాపు అంతా తిత్తుల్లోనే ఉంటాయి, కాబట్టి చేపకపోతే చుక్క రాదు. రోజూ బయటి నుంచి ఇస్తుంటే సొంత స్పందన మందగిస్తుంది. పాల కోసం ఇలా సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 12 కింద నేరం కూడా.

ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోట పిండాలి. ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, ఒకటి రెండు నిమిషాలు చనులు నిమరండి. చనులు నిండగానే మొదలుపెట్టి ఆరేడు నిమిషాల్లో ముగించండి, హార్మోను ప్రభావం అంతసేపే. కొట్టడం, అరవడం, కొత్తవాళ్లు రావడం వల్ల అడ్రినలిన్ పెరిగి చేపు ఆగిపోతుంది. సూది ఒక్కసారిగా ఆపలేకపోతే పశువైద్యుల పర్యవేక్షణలో మోతాదు తగ్గించుకుంటూ రండి. మొదట కొన్నాళ్లు పాలు తగ్గుతాయి, ఓర్చుకోవాలి.

ప్రశ్న: హేచరీలో కొత్తగా చేరాను సార్. వెన్నామి తల్లి రొయ్యలకు ఒక కంటి కాడ తీసేస్తున్నాం. కొన్ని చచ్చిపోతున్నాయి, కొన్నింటికి గుడ్లు ఎక్కడం లేదు. కంటికీ గుడ్లకీ ఏం సంబంధం?
– ఒక టెక్నీషియన్, భీమిలి

జవాబు: రొయ్య కంటి కాడలో ఎక్స్-ఆర్గాన్, సైనస్ గ్రంథి అని రెండు భాగాలున్నాయి. మొదటిది అండాశయం ఎదుగుదలను అణచే హార్మోనును తయారుచేస్తుంది, రెండోది దాన్ని నిల్వ చేసి వదులుతుంది. ఒక కాడ పోతే అణచివేత సగం తగ్గి, మూడు నుంచి ఏడు రోజుల్లో అండాశయం పండుతుంది. రెండు కాడలూ తీస్తే రొయ్య బతకదు. మగవాటికి ఈ పని అక్కర్లేదు.

చావులకు మొదట చూడాల్సింది పొర వదిలే దశ. అప్పుడే పొర వదిలి మెత్తగా ఉన్నదాన్నీ, రేపోమాపో వదలబోయేదాన్నీ ముట్టుకోవద్దు. గుల్ల గట్టిగా ఉన్న మధ్య దశలోనే చేయాలి. పొర వదలడాన్ని ఆపే హార్మోను కూడా ఆ కాడలోనే ఉంటుంది, అందుకే కాడ తీశాక పొర తొందరగా వదులుతాయి. కాడను కాల్చిన పటకారుతో నొక్కి తీస్తే రక్తస్రావం తగ్గుతుంది. కోసి వదిలేసిన గాయంలోకి విబ్రియో బాక్టీరియా తేలిగ్గా చేరుతుంది.

గుడ్లు ఎక్కకపోతే మేత చూసుకోండి. అణిచే హార్మోను తగ్గినంత మాత్రాన గుడ్డులోకి కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? స్క్విడ్, పాలీకీట్ పురుగులు రోజుకు నాలుగైదు విడతలుగా పడాలి. నీరు 28 డిగ్రీల దగ్గర, లవణీయత 30 పీపీటీ (వెయ్యి పాళ్లకు 30 పాళ్లు) అటూఇటూ నిలకడగా ఉండాలి. వీపు మీద నారింజ రంగు పట్టీ తల నుంచి తోక దాకా వెడల్పుగా కనిపిస్తే సాయంత్రం మగవాటి ట్యాంకులో వదలండి. వెన్నామి ఆడ రొయ్య పండిన తర్వాతే జత కడుతుంది, ఆ రాత్రే గుడ్లు వదులుతుంది. వీర్యపు సంచి అంటుకుందో లేదో చూసి, అంటుకున్నవాటినే గుడ్ల ట్యాంకుకు మార్చండి. మాటిమాటికీ గుడ్లు పెట్టించిన తల్లుల నాప్లి (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) బలహీనపడతాయి. లెక్క తగ్గడం మొదలైతే ఆ తల్లిని పక్కనపెట్టడమే మంచిది.

ప్రశ్న: నాటుకోడి పొదుగుకు కూర్చుని గుడ్లు మానేసింది. పొదిగించే ఉద్దేశం లేదు. లేపడం ఎలా?
– ఒక పాఠకురాలు, సబ్బవరం

జవాబు: పీయూష గ్రంథి ప్రోలాక్టిన్ ఎక్కువగా వదలడం వల్ల అది కూర్చుంటుంది. గుడ్ల స్పర్శ, చీకటి మూల, కడుపు కింది వెచ్చదనం ఆ హార్మోనును నిలబెడతాయి. కింద గాలి ఆడే తీగ అడుగున్న గంపలో, వెలుతురున్న చోట, గడ్డి లేకుండా మూడు నాలుగు రోజులు ఉంచండి. మేత, నీళ్లు ఎప్పటిలాగే ఇవ్వండి, పస్తు పెట్టొద్దు. కూర్చున్న మొదటి రోజుల్లోనే లేపితే త్వరగా, ఆలస్యమైతే రెండు మూడు వారాలకు మళ్లీ గుడ్లు పెడుతుంది.