నాన్న పేరున అయిదు లక్షలు ఎవరికివ్వాలి?

కంటి కబుర్లు: పాఠకుల ప్రశ్నలకు రాయగడ నుంచి ఒక రిటైర్డ్ ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ జవాబులు

ప్రశ్న: మాది గుణుపురంలో బట్టల కొట్టు. నాన్నగారు నిరుడు పోయారు. ముప్ఫై దాటాక ఆయనకి రాత్రిపూట చూపు తగ్గింది. యాభై వచ్చేసరికి గల్లాపెట్టె దగ్గర కూర్చుని నోట్లు తడిమి గుర్తుపట్టేవారు. ఆర్పీ అన్నారు, మందు లేదన్నారు. పర్లాకిమిడిలో ఉన్న మా చిన్నాన్నకీ అదే. మా తాతయ్య సొంత అక్క కూతుర్నే చేసుకున్నారు. సంవత్సరీకానికి నాన్న పేరున అయిదు లక్షలు ఖర్చు పెడదామనుకున్నాం. అమ్మ అన్నదానం అంటుంది. బావ కేటరాక్ట్ క్యాంపు పెట్టిద్దాం, వందమందికి చూపొస్తుంది, పేపర్లో ఫొటో కూడా పడుతుంది అంటాడు. నాకేమో ఈ జబ్బుకి మందు కనిపెట్టే పరిశోధనకి ఇవ్వాలని ఉంది. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో, మా ఇంటికేమైనా పనికొస్తుందో తెలియడం లేదు. ఇంకొకటి, మా చెల్లెలి కూతుర్ని మా అబ్బాయికి చేసుకోవాలని అమ్మ పట్టు.
- పేరు వద్దన్న పాఠకుడు, గుణుపురం

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే నన్ను ముందు ఆపింది. పెళ్లి సంగతి తేలకుండా విరాళం సంగతి రాయలేను.

ఆర్పీ, అంటే రెటినైటిస్ పిగ్మెంటోసా, ఒక్క జబ్బు కాదు. దీన్ని తెచ్చే జన్యువులు ఎనభైకి పైగా బయటపడ్డాయి. ఒక్కో ఇంట్లో ఒక్కోటి. కంటి వెనకుండే పొర, రెటీనాలో మసక వెలుతురును పట్టుకునే కణాలు ముందు చచ్చిపోతాయి కాబట్టి మొదట రాత్రిచూపు పోతుంది, తర్వాత పక్కచూపు. మన ఇళ్లలో దీన్నీ రేచీకటే అనుకుని మేక కార్జం, మునగాకు, బొప్పాయి పెడుతూ ఏళ్లు గడిపేస్తారు. విటమిన్ ఎ తక్కువై వచ్చే రేచీకటికి అది మంచిదే. ఆర్పీకి కాదు. క్యాంపుల్లో ఈ మాట చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

తాతగారిది మేనరికం, కొడుకులిద్దరికీ జబ్బు. ఇది ఆ జన్యువు తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ, రెండూ చెడ్డవే వస్తే పైకి తేలే రకం కావచ్చు. అదే అయితే నాన్నగారి దగ్గరున్నవి రెండూ చెడ్డవే. మీకూ మీ చెల్లెలికీ తలొకటి వచ్చి తీరుతుంది. అమ్మగారిచ్చిన మంచి కాపీ ఉంది కాబట్టి మీ చూపుకి ఢోకా లేదు. మీ అబ్బాయికి ఆ చెడ్డ కాపీ అంది ఉండే అవకాశం సగం, మేనకోడలికీ సగం. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం. ఏ పరీక్షా లేకుండా ఇవాళ లెక్క కడితే పదహారింట ఒక వంతు. బయటి సంబంధమైతే ఇది బాగా పడిపోతుంది. మన వీధిలోనే చాలా ఒడియా ఇళ్లలో మేనరికం మాటెత్తరు. మనం మాత్రం ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్లముందే ఉంటుంది అని కానిచ్చేస్తాం. అమ్మగారితో గొడవ పడమనడం లేదు. పరీక్ష అయ్యేదాకా ముహూర్తాలు పెట్టించకండి, అంతే.

ఆ పరీక్ష ముందు చిన్నాన్నగారికి జరగాలి, మీకు కాదు. జబ్బున్న మనిషి రక్తంలో తప్పు ఎక్కడుందో దొరికితే, పిల్లలకి ఆ ఒక్కచోట చూస్తే సరిపోతుంది. కొన్ని ఇళ్లలో దొరకదు కూడా, అది తెలిసే వెళ్లండి. గుణుపురం, పర్లాకిమిడి మీదుగా విశాఖకి రైలుంది. అక్కడ హనుమంతువాకలో ఎల్.వి. ప్రసాద్ ఆసుపత్రి ఉంది. జన్యు పరీక్ష, కౌన్సెలింగ్ సంగతి ముందే ఫోన్‌లో కనుక్కుంటే చిన్నాన్నగారికి తిప్పట తప్పుతుంది.

ఇక అయిదు లక్షలు. బావగారి మాటను తక్కువ చేయను. కేటరాక్ట్ ఆపరేషన్ అంత చవగ్గా, అంత నమ్మకంగా చూపు తెచ్చే పని కంటి వైద్యంలో ఇంకోటి లేదు. కానీ దానికి 1976 నుంచి జాతీయ కార్యక్రమం ఉంది, ట్రస్టులున్నాయి, క్లబ్బులున్నాయి, బ్యానర్ల మీద నవ్వడానికి నాయకులున్నారు. ఆర్పీకి బ్యానరు కట్టినవాళ్లని మా జిల్లాలో నేను చూడలేదు.

ఈ జబ్బు మీద డబ్బు పెట్టినవాళ్లు మొదట్నుంచీ మీలాంటి ఇళ్లవాళ్లే. అమెరికాలో 1971లో ఫౌండేషన్ ఫైటింగ్ బ్లైండ్‌నెస్ అనే సంస్థ పెట్టినవాళ్లలో గోర్డన్ గుండ్ ఒక వ్యాపారి, ఆర్పీతోనే చూపు పోయింది. బెర్మన్ దంపతుల కూతుళ్లిద్దరికీ ఇదే జబ్బు. అప్పటికి ఆర్పీ తెచ్చే జన్యువు ఒక్కటీ తెలియదు. మొదటిది 1990లో గానీ బయటపడలేదు. చెడితే చూపు పోగొట్టే ఆర్పీఈ65 అనే జన్యువు 1993లో దొరికింది. 2001లో ఆ లోపమున్న కుక్కల కంట్లోకి మంచి కాపీని ఎక్కిస్తే చూపొచ్చింది. 2007లో లండన్, ఫిలడెల్ఫియాల్లో మనుషులకి మొదలుపెట్టారు. హాని చేయని వైరస్‌లో మంచి జన్యువును పెట్టి, రెటీనా కిందకి సూదితో పంపడం, ఒక్కో కంటికి ఒక్కసారే. పెద్ద ట్రయల్‌లో అడ్డంకులు పెట్టిన దారిలో, వెలుతురు తగ్గిస్తూ నడిపించి చూశారు. మందు తీసుకున్న 20 మందిలో 13 మంది అతి తక్కువ వెలుతురులోనూ దాటారు. తీసుకోని 9 మందిలో ఒక్కరూ దాటలేకపోయారు. 2017 డిసెంబరులో లక్స్‌టర్నా పేరుతో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. రెండు కళ్లకీ మొదట పెట్టిన ధర 8,50,000 డాలర్లు, అంటే ఇవాళ్టి రేటులో ఏడు కోట్ల రూపాయల పైమాటే. దానాలతో మొదలైన పనికి చివర్లో ఈ ధరేమిటని నాకూ ఒళ్లు మండుతుంది. ఆ కోపం ఇంకో నెల రాస్తాను.

మీరు గమనించాల్సింది ఏమిటంటే ఆ మందు ఆర్పీఈ65 చెడినవాళ్లకే. మిగతా జన్యువులవాళ్లకి చుక్క కూడా పనికిరాదు. పైగా రెటీనాలో బతికున్న కణాలు మిగిలి ఉండాలి. ఇప్పుడు నడుస్తున్న జన్యు చికిత్స ట్రయల్స్ కూడా ఎక్కువగా జన్యువు పేరు చూసే మనుషుల్ని తీసుకుంటాయి. గుణుపురం, పర్లాకిమిడి, పాతపట్నం వైపు ఆర్పీ ఇళ్లలో తమది ఏ జన్యువో చెప్పగలిగినవాళ్లు నాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కే. పరీక్ష ఖర్చు వేలల్లో ఉంటుంది, కూలి చేసుకునే ఇల్లు దాన్ని మోయలేదు.

అందుకని బాబూ, మీ అయిదు లక్షలతో కొత్త మందు పుట్టదు, చిన్నాన్నగారికి చూపు తిరిగి రాదు. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ల కుటుంబాలకి జన్యు పరీక్షలు మాత్రం జరుగుతాయి. అది దానమూ అవుతుంది, పరిశోధనా అవుతుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్, చెన్నై శంకర నేత్రాలయ, మధురై అరవింద్, మూడూ వంశపారంపర్య కంటి జబ్బుల జన్యువుల మీద పని చేస్తున్నవే. వాటిలో ఒకదానికి ఉత్తరం రాయండి. డబ్బు ఫలానా జబ్బుకి, ఫలానా ఊళ్లవాళ్ల పరీక్షలకే వాడతామని రాతపూర్వకంగా ఇస్తారా అని అడగండి. రిపోర్టు ఆ ఇంటివాళ్ల చేతికి వస్తుందా, వాళ్లకి అర్థమయ్యే భాషలో ఎవరైనా కూర్చోబెట్టి చెబుతారా అన్నది అంతకన్నా గట్టిగా అడగండి. రక్తం తీసుకుని, పేపరు అచ్చేసుకుని, ఇంటికి కబురు చేయని పరిశోధన నాకు నచ్చదు. డబ్బు చెక్కుగానో బ్యాంకు ద్వారానో పంపండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఆ మినహాయింపు, మీ ఆడిటర్ని అడగండి.

నేనైతే యాభై వేలు అమ్మగారి అన్నదానానికి తీసి, మిగతాది దీనికిస్తాను. బావగారికి క్యాంపు కావాలంటే ఇందులోనే ఉంది. ఒక ఆదివారం కల్యాణమండపం తీసుకుని చుట్టుపక్కల ఆర్పీ కుటుంబాల్ని పిలిపించి, డాక్టర్లని రప్పించి, వచ్చినవాళ్లకి భోజనం, బస్సు ఛార్జీలు ఇవ్వమనండి. ఫొటో కూడా తీయించుకోమనండి, తప్పేం లేదు. రోగుల మొహాలు మాత్రం వద్దు. పెళ్లి కావాల్సిన ఆడపిల్లలుంటారు, ఊళ్లో మాట ఎలా పాకుతుందో మీకు నేను చెప్పాలా?

ప్రశ్న: మా అమ్మాయికి ఆర్పీ, డిగ్రీ చదువుతోంది. నా కన్ను ఒకటి దానికి పెట్టించవచ్చా?
- ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: కుదరదమ్మా. నేత్రదానంలో ఇంకొకరికి పెట్టేది కంటి ముందున్న కార్నియా మాత్రమే. మీ అమ్మాయి కార్నియా బాగానే ఉంటుంది, చెడింది వెనకున్న రెటీనా. కన్ను మొత్తం మారుద్దామన్నా, మెదడుకి పోయే నరంలో పది లక్షలకి పైగా పోగులుంటాయి, తెగితే కలిపే విద్య ఇంకా రాలేదు. పోయాక కళ్లు ఇస్తానని ఇంట్లో చెప్పి పెట్టండి, ఆరు గంటల్లోపు తీసుకోవాలి. ఆర్పీ ఉన్నవాళ్లూ ఇవ్వొచ్చు. అమ్మాయికి ఇప్పుడు కావాల్సింది యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. అక్షరాలు బాగా చదువుతున్నా, చూపు పరిధి 40 డిగ్రీల లోపుకి కుంచించుకుపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది లో విజన్ (చూపు తక్కువ) కిందికి వస్తుంది. చూపు పరిధి కొలిచే ఫీల్డ్ టెస్ట్ రిపోర్టు తీసుకెళ్లండి, లేకపోతే అక్షరాల బోర్డు చదవగలుగుతోందిగా అని వెనక్కి పంపేస్తారు.

ప్రశ్న: మూడు లక్షలు కడితే స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో ఆర్పీ తగ్గిస్తామని ఒక క్లినిక్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు. భూమి తాకట్టు పెట్టమంటారా?
- ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: వద్దు. ఆర్పీకి అనుమతి పొందిన స్టెమ్ సెల్ చికిత్స మన దేశంలో లేదు. జాతీయ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అలాంటివి ట్రయల్‌లోనే చేయాలి, ట్రయల్‌లో మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మళ్లీ ఫోన్ వస్తే సీటీఆర్ఐ, అంటే దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే ప్రభుత్వ జాబితాలో, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు చెబితే నాకు రాసి పంపండి, ఆ ట్రయల్ ఎవరిదో, ఏ దశలో ఉందో చూసి చెబుతాను.