పగిలిన థర్మామీటర్: అక్వేరియం అడుగున బూడిదరంగు గుండ్లు

అక్వేరియంలో గాజు థర్మామీటర్ పగిలి అడుగున బూడిదరంగు గుండ్లు కనబడితే పాదరసం అనుకుని భయపడతాం. అవి బహుశా థర్మామీటర్‌లో బరువు కోసం పోసే ఇనుప లేదా సీసపు పూసలే. థర్మామీటర్ గొట్టంలో ద్రవం ఎర్రగా ఉంటే అది రంగు కలిపిన స్పిరిట్. పొడవాటి పుల్లతో నొక్కండి: పాదరసం విడిపోయి మళ్లీ కలుస్తుంది, పూస దొర్లుతుంది. పాదరసమే అయితే చేపల్ని వెంటనే వేరే నీళ్లలోకి మార్చండి.

పూసలైతే:

1. హీటర్ ప్లగ్ తీసి 20 నిమిషాలు ఆగండి. వేడి మీద నీళ్లు తగ్గితే దాని గాజూ పగులుతుంది.

2. చెయ్యి పెట్టొద్దు. గాజు ముక్కల్నీ పూసల్నీ నీళ్లతో సహా పైపుతో గులకరాళ్ల అడుగు నుంచి బకెట్‌లోకి లాగండి.

3. చాలామంది వదిలేసేది ఇదే: బకెట్ మీద నల్లగుడ్డ కట్టి వడకట్టండి, గాజు తళుక్కుమంటుంది. దొరికిన ముక్కల్ని పగిలిన థర్మామీటర్ గొట్టానికి ఆనించి చూడండి. వెలితి కనబడితే మళ్లీ లాగండి. అడుగున మేసే గోల్డ్‌ఫిష్ ఆ ముక్కల్ని నోట్లోకి తీసుకుంటుంది.

4. మూడో వంతు నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని రంగునీ రసాయనాల్నీ పీల్చే బొగ్గు) వేయండి. నల్లా నీళ్లకు క్లోరిన్ విరుగుడు తప్పనిసరి. ఎండల్లో డాబా ట్యాంకు నీళ్లు నేరుగా పోయకండి, నీడన చల్లారాకే.