జీలకర్ర బెల్లం వేళకి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నీ స్నేహితురాలి అక్క పెళ్లికి ఫోటోలు నువ్వే తీస్తున్నావని చెప్పింది. డబ్బులు కూడా మాట్లాడుకున్నావట. ఫోన్ పెట్టేశాక ఆ మాట మీ అత్తకి రెండుసార్లు చెప్పుకున్నాను, సంతోషం ఆగక. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లు తీసిన మావయ్యని ఇంట్లో పెట్టుకుని, ఒక్క మాట అడక్కుండా ఎలా ఒప్పుకున్నావే? అడిగితే వద్దంటానని భయపడ్డావేమో. వద్దనను. నాకున్న భయమేదో చెప్తాను, ఓపిగ్గా చదువు.

బ్యాటరీలు రెండూ ఛార్జింగ్ పెట్టుకో. లెన్స్ తుడుచుకో. సాయంత్రమే ఏదైనా తిని వెళ్లు. రాత్రి ముహూర్తం అంటున్నారు కాబట్టి తిరిగొచ్చేటప్పుడు నాన్నని రమ్మను, ఒక్కదానివీ బండి మీద రావద్దు.

వెలుతురు గురించి నీకు నాకంటే ఎక్కువే తెలిసుండొచ్చు. అయినా మండపంలో మూడు విషయాలు మోసం చేస్తాయి. ఒకటి, ఎల్‌ఈడీ లైట్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌకరకం లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలీదు, కానీ షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టావంటే ఫోటో మీద అడ్డంగా చారలు పడతాయి. 1/100 దగ్గరే ఉండు. చీకటిగా ఉంటే ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతుర్ని పట్టే శక్తి, 3200కి పెంచు, భయపడకు. దానివల్ల ఫోటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన మొహాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. రెండోది మధుపర్కాలు. ఇద్దరూ తెల్లబట్టల్లో కూర్చుంటే ఆ తెలుపు చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, పిల్ల మొహం నల్లబడుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా, అంటే వెలుతురు రెట్టింపు అయ్యేదాకా, పెంచి, స్క్రీన్ మీద చూసుకో. మూడోది షామియానా. పైన ఎర్రగుడ్డ ఉన్నప్పుడు ఫ్లాష్ పైకి కొట్టావా, ఆ ఎరుపంతా మొహాల మీదికి దిగుతుంది. హోమం దగ్గర ఫ్లాష్ నేరుగా కొట్టకు, పొగే వెలుగుతుంది.

వెళ్లగానే పంతులుగారికి నమస్కారం పెట్టి, జీలకర్ర బెల్లం ఎన్నింటికో, ఆయన ఎటు కూర్చుంటారో అడుగు. గట్టిమేళం అనేసరికి జనమంతా లేచి అక్షింతలతో మీదికొస్తారు. అప్పుడు చోటు వెతుక్కుంటే దొరకదు. పది నిమిషాల ముందే నిలబడిపో.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా తెలీదు.

1992 మాఘమాసం. ఒకేరోజు రెండు పెళ్లిళ్లు పడితే మా గురువుగారు ఒకదానికి నన్ను ఒక్కణ్ణే పంపారు. చేతిలో ఆయన పెంటాక్స్ కె1000 రీలు కెమెరా. రీలుకి 36 ఫోటోలు. పెళ్లికూతుర్ని బుట్టలో తీసుకొస్తున్నారని కేక వినబడగానే, మధ్యలో రీలు అయిపోతుందేమోనని గబగబా కొత్తది ఎక్కించాను. ఆ కెమెరాలో ఫిలిం కొసని కుడివైపు స్పూలు గాడిలో దూర్చి, మూత వేసి, ఫిలింని ముందుకి జరిపే లీవరు తిప్పాలి. అప్పుడు ఎడమవైపున్న రివైండ్ నాబ్ కూడా తిరగాలి. అది తిరిగితేనే లోపల ఫిలిం కదులుతున్నట్టు. గురువుగారు ఈ మాట నాకు వందసార్లు చెప్పుంటారు. ఆ రాత్రి నేను నాబ్ వైపు చూడలేదు.

అడ్డుతెర తీశారు. జీలకర్ర బెల్లం తీశాను. పిల్ల కళ్లెత్తి అబ్బాయిని చూసిన చూపు తీశాను. మాంగల్యధారణ, వెనకాల జడ ఎత్తి పట్టుకున్న ఆడపడుచు, కళ్లు తుడుచుకుంటున్న పిల్ల తండ్రి. అన్నీ బాగా పడ్డాయని మనసులో పొంగిపోతున్నాను. తలంబ్రాలు మొదలయ్యాయి. లీవరు తిప్పుతుంటే నంబరు 36 దాటింది. ఒక్కోసారి రీలు 37, 38 దాకా వస్తుందిలే అనుకున్నాను. 39 వచ్చింది. 40 వచ్చింది. లీవరు ఇంకా తేలిగ్గా తిరుగుతూనే ఉంది. నాబ్ మీద వేలు పెట్టి చూశాను. కదల్లేదు. ఫిలిం గాడిలోంచి జారిపోయి, ఒక్క అంగుళం కూడా ముందుకి రాకుండా అలాగే ఉంది.

కాళ్లు వణికాయి. అప్పటికింకా వాళ్లు పీటల మీదే ఉన్నారు, పళ్లెంలో తలంబ్రాలున్నాయి. వెళ్లి ఒక్క మాట చెప్పుంటే పంతులుగారు ఇంకోసారి చేతులు తలమీద పెట్టించేవారు, రెండు నిమిషాల పని. తిట్లు పడేవి, పడనీ. నేను చెప్పలేదమ్మా. పక్కకెళ్లి ఫిలిం సరిగ్గా ఎక్కించుకుని వచ్చి, సప్తపది నుంచి అప్పగింతల దాకా ఏమీ జరగనట్టే తీశాను. పదిరోజుల తర్వాత, ఆ రీలు ల్యాబ్‌లో పాడైపోయిందని అబద్ధం చెప్పాను. పిల్ల తండ్రి బడిపంతులు. కేకలెయ్యలేదు. "ఒక్కటి కూడా రాలేదా బాబూ?" అని అడిగారు. కాసేపాగి మళ్లీ అదే అడిగారు. మొత్తం డబ్బులిచ్చేశారు, నేను తీసుకున్నాను.

నాలుగేళ్లకి రెండో అమ్మాయి పెళ్లికి మళ్లీ నన్నే పిలిచారు. మాట్లాడుకోవడానికి వెళ్తే వాళ్లావిడ పెద్దమ్మాయి ఆల్బమ్ తీసుకొచ్చి చూపించింది. మధ్యలో రెండు నల్ల అట్టలు ఖాళీగా ఉన్నాయి. ఎప్పటికైనా ఫోటో దొరుకుతుందేమోనని వదిలిపెట్టిందట. ఆ అట్టల మీద చెయ్యి పెట్టి అంతా చెప్పేశాను. పిల్ల తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడే చెప్పాల్సింది నాయనా. మళ్లీ పెట్టించేవాళ్లం కదా" అన్నారు. అంతే. రెండో పిల్ల పెళ్లి నాచేతే తీయించారు.

ఇప్పుడు రీళ్లు లేవు కదా మావయ్యా అంటావు. కొన్ని డిజిటల్ కెమెరాల్లో కార్డు లేకపోయినా షట్టర్ పడేలా ఒక సెట్టింగ్ ఉంటుంది. నొక్కితే చప్పుడొస్తుంది, స్క్రీన్ మీద బొమ్మ కూడా కనబడొచ్చు. ఎక్కడా దాచుకోదు. నా నాబ్ ఇప్పుడు అక్కడుంది. మెనూలో వెతికి, కార్డు లేకపోతే షట్టర్ పడకుండా పెట్టుకో. ముహూర్తానికి ముందు ఒక ఫోటో తీసి, వెనక్కెళ్లి తెరిచి చూసుకో. కార్డు సగం నిండి ఉంటే ఆ తొందరలో మార్చకు, గౌరీపూజ అయిపోగానే ఖాళీది వేసుకుని సిద్ధంగా ఉండు. కెమెరాలో ఏదీ డిలీట్ చెయ్యకు. ఇంటికొచ్చి రెండుచోట్ల కాపీ అయ్యేదాకా ఫార్మాట్ మాట ఎత్తకు. పొరపాటున ఫార్మాట్ అయిపోతే ఆ కార్డు మీద ఇంక ఒక్క ఫోటో కూడా తీయకు, తీసి జేబులో పెట్టుకుని నా దగ్గరికి తీసుకురా. దానిమీద కొత్తవి పడకపోతే పాతవి చాలామటుకు బయటికి తీయొచ్చు.

అన్నీ చూసుకున్నా ఏదో తప్పిపోతే, పెళ్లికూతురి అమ్మ దగ్గరికెళ్లి అప్పుడే చెప్పు. టెన్షన్ పడి దాచకు. తిడితే నా పేరు చెప్పు, మా మావయ్య చెప్పమన్నాడని.

ఆదివారం పొద్దున్నే కెమెరా, కార్డులు అన్నీ పట్టుకుని రా. ఆ సెట్టింగ్ నా కళ్లతో చూడాలి. బీరువాలో నా 50 ఎంఎం లెన్స్ ఉంది, నీ కెమెరాకి పడితే తీసుకెళ్లు. అత్త పెసరట్లు వేస్తానంది.

మీ మావయ్య