పాత వ్యాగనార్‌ను ఇప్పుడే అమ్మేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నా వయసు 31 సంవత్సరాలు. ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకుడిగా పనిచేస్తున్నాను. నెలకు చేతికందే జీతం 52,000 రూపాయలు. నా భార్య ఇంటి వద్దే ఉంటుంది, రెండేళ్ల పాప ఉంది. ఖర్చులన్నీ పోను నెలకు 17,000 మిగులుతుంది. పొదుపు ఖాతాలో 70,000 ఉన్నాయి. రెండేళ్ల కిందట 1,60,000 పెట్టి 2013 ఆగస్టులో రిజిస్టరైన వ్యాగనార్ కొన్నాను. ఇబ్బంది లేకుండా తిరుగుతోంది. అయితే ఈ మధ్య తాడిపత్రిలో జరిగిన ఒక పెళ్లిలో మా బావ అందరి ముందూ ‘ఇంకా ఈ డొక్కు కారులోనేనా?’ అన్నారు. జీఎస్‌టీ తగ్గింది కాబట్టి ఇదే అదను అని, పెనుకొండలో తయారయ్యే ఎస్‌యూవీ తీసుకోమని ఆయన సలహా. ఎక్స్‌షోరూమ్ 10.2 లక్షలు, ఆన్‌రోడ్ 12 లక్షలు. నా భార్య నగలు కుదువ పెట్టి 2 లక్షలు కట్టి, మిగిలిన 10 లక్షలు ఏడేళ్ల రుణం తీసుకోవాలనుకుంటున్నాను. ఇది సరైన నిర్ణయమేనా?

జవాబు: ఇప్పుడు అమ్మవద్దు. 2028 ఆగస్టు వరకు ఈ వ్యాగనార్‌నే ఉంచుకోండి. ఆ నెలనే ఎందుకు చెబుతున్నానంటే, సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది కాబట్టి మీ ఆర్‌సీ గడువు అప్పటితో ముగుస్తుంది. మీ పొదుపుకు మనం కొత్తగా గడువు పెట్టనక్కర లేకుండా, సుమారు 30 నెలల గడువు ఆ కాగితం మీదే రాసి ఉంది.

మీరు అనుకుంటున్న రుణాన్ని లెక్కవేసి చూద్దాం. 10 లక్షలు, 9.5 శాతం వడ్డీ, 84 నెలలు అనుకుంటే నెలవారీ కంతు సుమారు 16,340 రూపాయలు అవుతుంది. ఏడేళ్లలో వడ్డీ రూపంలోనే 3,73,000 కట్టాలి. మీ ఉత్తరంలోని 17,000లోంచి ఈ కంతు తీసేస్తే మిగిలేది 660 రూపాయలు. పెద్ద కారుకు అదనంగా అయ్యే పెట్రోలు, ఏటా కట్టవలసిన బీమా, పాప బడి ఫీజు, ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆస్పత్రి ఖర్చు, ఇవన్నీ ఆ 660లోంచే రావాలి. పైగా నగల మీద తెచ్చిన 2 లక్షలకు వేరే వడ్డీ నడుస్తుంది, దాన్ని తీర్చే దారి మీ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. ఆ నగలు మీ ఇంటికి ఆపద వచ్చినప్పుడు ఆదుకోవలసినవి, వాటిని కారు కోసం కుదువ పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

షోరూమ్‌లో సాధారణంగా ఎవరూ విడమరచి చెప్పని విషయం మరొకటి ఉంది. బీమా కంపెనీ కారు విలువను ఐడీవీ అని లెక్కగడుతుంది. ఎక్స్‌షోరూమ్ ధర మీద మొదటి ఆరు నెలలకు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, మూడు దాటి నాలుగేళ్ల లోపు 40 శాతం చొప్పున తరుగు తీసేస్తారు. జీవితకాల పన్ను, మొదటి బీమా ప్రీమియం వంటి వాటికి ఆన్‌రోడ్‌లో మీరు కట్టే 1.8 లక్షలు మామూలు పాలసీ ఐడీవీలోకి రావు. అంటే మూడేళ్లు దాటిన నాటికి మీ 10.2 లక్షల కారు విలువ బీమా పత్రంలో 6,12,000 దగ్గర ఉంటుంది. అదే రోజున 36 కంతులు సక్రమంగా కట్టాక కూడా బ్యాంకుకు ఉండే బాకీ సుమారు 6,50,000. ఆ సమయంలో కారు దొంగతనానికి గురైనా, ప్రమాదంలో పనికిరాకుండా పోయినా, బీమా సొమ్మంతా బ్యాంకుకు అప్పగించి, ఇంకా 38,000 మీ జేబులోంచి కట్టాలి. అప్పటికి మీకు కారూ ఉండదు, చేతిలో సొమ్మూ ఉండదు. కారు కొనడం తప్పని నేను అనడం లేదు. ధరలో ఆరో వంతు మాత్రమే, అదీ కుదువ సొమ్ముతో, చేతి నుంచి పెట్టి మిగతాదంతా ఏడేళ్లకు సాగదీయడం వల్లనే ఈ పరిస్థితి వస్తుంది.

జీఎస్‌టీ గురించి మీ బావగారు చెప్పింది నిజమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు కూడా తొలగింది. అయితే అది పండుగ ఆఫరులా ఫలానా తేదీతో ముగిసేది కాదు కాబట్టి, దాని కోసం తొందరపడవలసిన పని లేదు.

ఇక మీ 17,000ను ఎలా పంచాలో చూద్దాం. అందులో 12,000 జీతం పడిన మరుసటి రోజే ఖాతాలోంచి దానంతటదే కోతపడేలా 30 నెలల బ్యాంకు రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేయండి. 6.5 శాతం వడ్డీ దొరికితే చివరికి సుమారు 3,91,000 చేతికందుతుంది. చాలామంది అలవాటుగా పోస్టాఫీసు ఆర్‌డీ వైపు వెళతారు. అది మంచి పథకమే గాని ఐదేళ్లది, మూడేళ్లు నిండేదాకా మూసే వీలు లేదు, ఆ తరువాత గడువుకు ముందు మూస్తే పొదుపు ఖాతా వడ్డీ మాత్రమే ఇస్తారు. మీ 30 నెలల అవసరానికి అది సరిపడదు. 3,000 అత్యవసర నిధికి కలపండి. ఇప్పుడున్న 70,000తో కలిసి అది 1,60,000 అవుతుంది, అంటే మీ ఇంటికి నాలుగు నెలలకు పైగా ఖర్చు. మిగిలిన 2,000 వ్యాగనార్ మరమ్మతులకు విడిగా ఉంచండి. టర్మ్ బీమా, అంటే మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్ము అందించే జీవిత బీమా, ఇంతవరకు తీసుకోకపోతే ఈ పంపకాన్ని కొంచెం సవరించి ముందు అది తీసుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్‌టీని కూడా అదే సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. పాప చిన్నది, ఇంట్లో సంపాదించేది మీరొక్కరే.

2028లో వ్యాగనార్‌కు 80,000 వచ్చినా, మొత్తం 4,70,000 మీ చేతిలో ఉంటుంది. అప్పుడు 7 లక్షల చిన్న కారు తీసుకుంటే అప్పు రెండున్నర లక్షలకు మించదు. మూడేళ్లకు తీసుకుంటే కంతు 8,000 చిల్లర, మొత్తం వడ్డీ 38,000. ఎస్‌యూవీయే కావాలనిపిస్తే మరో ఏడాదో రెండేళ్లో ఇదే పద్ధతిలో కూడబెట్టండి. మన జిల్లా మట్టి మీద 2019 నుంచి కార్లు తయారవుతున్నాయంటే నాకూ గర్వమే. పెనుకొండ ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, మనకు అది పరాయిది కాదు.

ఇంతవరకు డబ్బు గురించి చెప్పాను. పాత కారు ఉంచుకోమన్నవాడిగా భద్రత గురించి కూడా చెప్పకపోతే నా సలహా సగమే అవుతుంది. డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, సీట్‌బెల్ట్ హెచ్చరిక మన దేశంలో 2019 జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి, గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా అదే ఏడాది అన్ని కార్లకూ వర్తించింది. మీ కారు అంతకన్నా పాతది. అందువల్ల ఊళ్లో తిరగడానికి, తాడిపత్రి వంటి దగ్గరి ప్రయాణాలకు దాన్ని వాడండి. 44వ జాతీయ రహదారి మీద బెంగళూరుకు 200 కిలోమీటర్లకు పైగా పాపతో వెళ్లవలసి వస్తే రైలో బస్సో ఎక్కండి. ఏడాదికి నాలుగైదు సార్లు టికెట్లు కొన్నా, ఆ ఖర్చు ఒక నెల కంతుకు చేరడం కష్టం. మీరు వారం వారం హైవే మీద వెళ్లేవారైతే నా జవాబు వేరుగా ఉండేది, 2020 తరువాతి పాత కారు ఒకటి చూసుకోమనేవాడిని.

ఈ ఆదివారం ఉదయం ఎండ ఎక్కకముందే కారు పక్కన కూర్చుని టైర్ల పక్కగోడలు చూడండి. డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2418 అని ఉంటే అది 2018వ సంవత్సరం 24వ వారంలో తయారైన టైరు. గాడి ఎంత లోతుగా కనిపించినా, మన అనంతపురం ఎండలకు అన్నేళ్లు ఎండిన రబ్బరు గట్టిపడి, పక్కగోడల మీద సన్నని పగుళ్లు తేలుతాయి. అలాంటివి నాలుగూ మార్చేయండి, ఆ నెల 2,000 చాలకపోతే అత్యవసర నిధిలోంచి తీసుకోండి. బ్రేకులు, కూలెంటు వేసవికి ముందే చూపించండి. వెనక సీటు బెల్టులు లాగి చూసి, అవి గట్టిగా పట్టుకుంటున్నాయో లేదో గమనించి, బెల్టుతో బిగించే పిల్లల సీటు ఒకటి కొనండి. ఎప్పుడైనా ఒక్క మరమ్మతుకే 50,000 దాటి చెబితే మాత్రం, ఆ కారుకు ఇక ఖర్చు పెట్టకుండా ఆపేయండి.

మరో చిన్న పని. మీరు కొన్నప్పుడు ఆర్‌సీతో పాటు బీమా కూడా మీ పేరు మీదకు మారిందా? కారు చేతులు మారిన 14 రోజుల్లో కొన్నవారు బీమా కంపెనీకి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. పాత యజమాని పేరే ఉంటే వెంటనే మార్పించండి. ఈ వయసు కారుకు థర్డ్ పార్టీ బీమా, 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే నా దృష్టిలో చాలు.

పెళ్లిలో మీ మనసు నొచ్చుకున్న సంగతి నాకు అర్థమైంది. నా మొదటి కారు పాత మారుతి 800. దాని ఎడమవైపు తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు, ప్రతిసారీ నేను దిగి చుట్టూ వచ్చి మా అమ్మకు తలుపు తీసేవాడిని. ఆ కారుతో ఆరేళ్లు గడిపాను, ఆ ఆరేళ్లలో కూడిన సొమ్ముతోనే కర్నూలులో మా ఇంటి స్థలం కొన్నాను. మీ బావగారు మళ్లీ అడిగితే, 2028లో చేతి సొమ్ముతో కొంటున్నానని చెప్పండి. ఆయనకు కోపం వచ్చే మాటేమీ అందులో లేదు.

2028 ఆగస్టుకు డబ్బు సరిపోకపోయినా, నచ్చిన కారు దొరకకపోయినా కంగారు పడవద్దు. గడువుకు 60 రోజుల ముందు నుంచి రవాణా శాఖలో ఆర్‌సీ పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. కారును తనిఖీకి చూపించి నిర్ణీత రుసుము కడితే మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ ఇస్తారు.