పాత బ్రౌజర్ వాళ్లను గుమ్మంలో నిలబెట్టకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ వెబ్‌సైటులోని ఫారం నింపడానికి పాత బ్రౌజర్లతో వచ్చేవాళ్లకు "అప్‌డేట్ చేసుకుని రండి" అని బోర్డు పెట్టేస్తానన్నావు ఫోనులో. ఆ బోర్డు ఒకప్పుడు నేనూ పెట్టాను, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 మీద కసితో. 2001లో వచ్చిన ఆ మహానుభావుడు పదేళ్లయినా కదలలేదు. దాన్ని వదిలేయండని 2011లో మైక్రోసాఫ్టే ప్రచారానికి దిగింది! పేజీలో ఒక పక్కకు జరిపిన (ఫ్లోట్ చేసిన) డబ్బాకు అది మార్జిన్, అంటే చుట్టూ వదిలే ఖాళీ, రెట్టింపు చేసి చూపించేది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజుల్లోనే ఒక ఆఫీసులో గుమాస్తా పక్కన కూర్చుని చూశాను. ఆవిడ నా బోర్డు చదివి, బుద్ధిగా అప్‌డేట్ నొక్కింది. కంప్యూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. అది తెలిసిన మనిషి వేరే ఊళ్లో ఉంటాడట. పేజీ మూసేసి, సొరుగులోంచి కాగితం ఫారం తీసింది. నావైపు చూడను కూడా లేదు.

ఇప్పుడూ అదే కథ. విండోస్ 7 ఉన్నవాళ్లు క్రోమ్ 109 దగ్గర ఆగిపోయారు. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దాటదు. అందులో క్రోమ్ వేసుకున్నా పేజీని చదివి చూపించే లోపలి ఇంజను యాపిల్‌దే, కాబట్టి బ్రౌజర్ మార్చుకోమనడమూ దండగే.

నీ ఫారం కొందరికి కదలడం లేదన్నావు కదా, ముందు స్క్రిప్ట్ చూడు. పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌కు ఓర్పు ఎక్కువ, గ్రిడ్ అనే అమరిక పద్ధతి బ్రౌజర్‌కు తెలియకపోతే ఆ వరుస వదిలేసి ముందుకు పోతుంది. పేజీతో పని చేయించే జావాస్క్రిప్ట్ అలా కాదు. ప్రశ్నార్థకం పక్కన చుక్క పెట్టి రాస్తావే, ఆ ఆప్షనల్ చైనింగ్ క్రోమ్ 80కి, యాపిల్ బ్రౌజర్ సఫారీ 13.1కి ముందున్న వాటికి తెలియదు. ఆ ఒక్క గుర్తు దగ్గర ఫైలు మొత్తం చచ్చిపోతుంది. పాత బ్రౌజర్ లోటు పూడ్చే పాలీఫిల్ కోడ్ వేశానుగా అంటావేమో. అది లేని ఫంక్షన్‌ను తెచ్చిపెడుతుంది గానీ రాని వ్యాకరణం నేర్పదు. కొత్త కోడ్‌ను పాతగా తిరగరాసే బేబెల్ అనే పనిముట్టుతో పాత రూపంలోకి మార్చాల్సిందే. నీ కోడ్ ఒక్కటే మార్చి ఊరుకోకు, బయటినుంచి తెచ్చుకున్న ప్యాకేజీల్లోనూ ఆ గుర్తులుంటాయి. చాలామంది తప్పేది అక్కడే.

అసలు స్క్రిప్ట్ పూర్తిగా ఆగిపోయినా ఫారం సర్వర్‌కు చేరాలి. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారంకు ఆ శక్తి మొదటినుంచీ ఉంది, పనంతా స్క్రిప్ట్‌కు అప్పగించి మనమే తీసేశాం. గుండ్రటి మూలలు, కదలికలు పోతే పోనీ.

అన్నిటినీ మోయమనను. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సాగనంపిన ఎక్స్‌ప్లోరర్ 11లో నేనిక పరీక్షించడం లేదు. బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య మాటలను రహస్యంగా ఉంచే టీఎల్‌ఎస్ 1.2 పద్ధతి రాని బ్రౌజర్ కోసం సర్వర్ భద్రత తగ్గించమని ఎవరడిగినా ఒప్పుకోకు.

మీ అత్తయ్య పాత ఐఫోన్ 6 బీరువాలో పడి ఉంది. ఛార్జరుతో సహా శనివారం బస్సు పార్శిల్‌లో పంపుతున్నాను. అందులో నీ ఫారం నింపి పంపించి, చేరిందో లేదో చెప్పు.

మామయ్య