మా జుకినీకి దిష్టి తగిలిందన్నారు

"కుండీలో వేసిన జుకినీ విరగబూస్తోంది, పిందెలు మాత్రం వేలెడు కాకముందే పసుపెక్కి కుళ్ళిపోతున్నాయి, ఏ ఎరువు వేయాలి?" అని అడిగారు. ఏ ఎరువూ వేయకండి. యూరియా వేస్తే విస్తరాకంత ఆకులు వస్తాయి, అంతే. వీడియోలలో పుల్లమజ్జిగ చల్లమంటారు. మజ్జిగ పుప్పొడిని మోసుకుపోతుందా?

మీ మేడకు కరువైంది తేనెటీగలు. ఇది గుమ్మడి జాతి. సన్నటి కాడ మీద ఒంటరిగా నిలిచేది మగపువ్వు, అడుగున బుల్లి కాయతో పుట్టేది ఆడపువ్వు. ఆ బుల్లి కాయను చూసి కాపు మొదలైందని మురిసిపోతాం. పుప్పొడి అందకపోతే అది అక్కడితో సరి.

హైదరాబాదులో మా మేడ మీద అక్టోబరులో రెండు మొక్కలు వేశాను. మొదట్లో అన్నీ మగపువ్వులే. ఎట్టకేలకు ఒక ఆడపువ్వు విచ్చుకుంటే పక్కింటావిడను పిలిచి, "అదిగోనండీ పిందె" అని వేలు పెట్టి చూపించాను. నాలుగు రోజులకు దాని కొన కుళ్ళింది. "పిందెను వేలితో చూపిస్తారుటే ఎవరైనా?" అని మా అత్తగారు చీవాట్లు పెట్టి కుండీకి నల్లతాడు కట్టారు.

తర్వాతి ఆడమొగ్గ మర్నాడు విచ్చుకుంటుందనగా, మగపువ్వు ఒక రోజు ముందే పూసింది. మర్నాడు ఆడపువ్వుకు దాని పుప్పొడి నేనే అద్దవచ్చని, దాన్ని కోసి స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచాను. సాయంత్రం టీతో పాటు బజ్జీలు వచ్చాయి. "గుమ్మడి పువ్వనుకున్నానే, వాడిపోతుందని వంకాయ ముక్కలతో పాటు శనగపిండిలో ముంచేశాను" అన్నారు అత్తగారు. రుచిగానే ఉంది, అది వేరే సంగతి.

వారం తర్వాత రెండు పువ్వులూ ఒకే రోజు పూశాయి. పొద్దున ఆరున్నరకు మగపువ్వు కోసి, రేకులు తుంచి, మధ్యలోని పసుపు పొడిని ఆడపువ్వు నడిమి బొడిపె మీద అన్ని వైపులా అద్దాను. ఎండ ముదిరితే పువ్వు ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకోదు. అందుకే నిద్ర లేచి పేపరు చదివి తీరిగ్గా వెళ్తే లాభం లేదు. బీర, సొర అయితే సాయంత్రం పూస్తాయి కాబట్టి బద్ధకస్తులకు అవే నయం.

అసలు ఈ పని తేనెటీగలది. ఎదుటి అపార్ట్‌మెంటువారు పట్టు కనబడగానే మందు కొట్టించారు. ఇప్పుడు ఆ మేడ మీది దోసపాదుకు కాయలెందుకు నిలవడం లేదని నన్నే అడుగుతున్నారు!

మొక్కలు రెండు మూడు వేయండి, ఒక్కదానికి జోడు కుదరదు. కాయ జానెడు కాగానే కోసేయండి, ముదరనిస్తే కొత్త పిందెలు తగ్గుతాయి.

నేను పుప్పొడి అద్దిన పిందె వారానికే కూరకు వచ్చింది. అత్తగారు మాత్రం అది నల్లతాడు మహిమే అంటారు. ఇంటికి వచ్చినవారికి పిందెలను ఇప్పటికీ వేలు మడిచే చూపిస్తారు.